పది పొయ్యిల పొంగలి

అనగనగా ఒక అడవిలో మాంసం మానేసిన సింహం ఒకటి ఉండేది. మానేసిందంటే పూర్తిగా కాదు, కార్తీక మాసం ఒక్కటే. ఆ నెలంతా కుందేళ్ళు రోజూ ఓ గిన్నెడు పొంగలి వండిపెట్టాలి. ఒక్క పూట కూడా తప్పకపోతే ఏడాదంతా సింహం వాటి జోలికి రాదు. అదీ ఒప్పందం.

ఆఖరి రోజు సింహం చుట్టాలను భోజనానికి పిలిచింది. పది గిన్నెలు కావాలంది. కుందేళ్ళు ఎప్పుడూ ఒక్క గిన్నెకు మించి వండి ఎరగవు.

"నేనున్నాగా," అంది పింగళ అనే కొండముచ్చు. అడవి బడిలో లెక్కల్లో ఎప్పుడూ దానిదే మొదటి ర్యాంకు. "ఒక గిన్నె ఎంతసేపట్లో ఉడుకుతుంది?"

"అరగంట, అక్కా."

"అయితే పది గిన్నెలకి ఐదు గంటలు. త్రైరాశికం."

పింగళ పది పొయ్యిలు వెలిగించి, పది గిన్నెలూ ఒకేసారి ఎక్కించింది. ఒకే పొయ్యి మీద ఒకదాని తర్వాత ఒకటి వండితే కదా ఐదు గంటలు? ఆ సంగతి అది పలక మీద రాసుకోలేదు.

అరగంటకు ఒక కుందేలు వచ్చింది. "అక్కా, ఉడికిన వాసన వస్తోంది. దించేద్దామా?"

"ఇంకా నాలుగున్నర గంటలుంది. నీకు తీసివేతలు రావా?"

కాసేపటికి ఇంకోటి వచ్చింది. "అక్కా, అడుగంటుతోంది. ఒక్కసారి మూత తీసి చూడరాదూ?"

"మూతలు తీసి చూసేది లెక్కలు రానివాళ్ళు."

మూడోసారి కుందేళ్ళన్నీ వచ్చాయి. పొగలో ఒకదానికొకటి కనబడడం లేదు. "అక్కా, మా ప్రాణాలు ఆ గిన్నెల్లో ఉన్నాయి."

పింగళ పలక చూపించింది. "ఒక్క అంకె తప్పుంటే చెప్పండి."

ఒక్కటీ తప్పు లేదు. కుందేళ్ళు తలలూపి వెనక్కి వెళ్ళాయి.

సాయంత్రం సింహం చుట్టాలతో వచ్చి మూత తీసింది. లోపల బొగ్గు. చుట్టాలు ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఇంటి దగ్గర పనుందని లేచారు.

"ఏమ్మా పింగళా, నీకు లెక్కలు బాగా వచ్చటగా," అంది సింహం చల్లగా. "ఒక కుందేలుతో నా ఆకలి పావువంతు తీరుతుంది. మొత్తం తీరాలంటే?"

"నాలుగు కుందేళ్ళు," అంది పింగళ ఠక్కున. ప్రశ్న వినబడితే నోరు మూసుకోవడం దానికి బడిలో నేర్పలేదు.

కుందేళ్ళు బొరియల్లోకి దూరిపోయాయి.

"అవేమో కనబడడం లేదు. ఒక కొండముచ్చు నాలుగు కుందేళ్ళతో సమానం అనుకుందాం. అప్పుడెన్ని కొండముచ్చులు కావాలి?"

"ఒక్కటి చాలు," అంది పింగళ. సరైన జవాబే. చెప్పాక తలెత్తి చుట్టూ చూసింది. అక్కడున్న కొండముచ్చు తనొక్కతే.

ఎలాగో చెట్టెక్కింది. తోకలో సగం మాత్రం సింహం పంజాలో ఉండిపోయింది.

ఒప్పందం పోయింది. తెల్లారేలోగా కుందేళ్ళు పిల్లల్ని వెంటబెట్టుకుని ఆ అడవే వదిలేశాయి. పింగళ ఇప్పుడు ముందు మూత తీసి చూస్తుంది, తర్వాతే పలక పట్టుకుంటుంది. తోక ఎంత పోయిందని ఎవరైనా అడిగితే మాత్రం, తనకు భిన్నాలు రావంటుంది.

నీతి: అంకెలన్నీ సరిగ్గా ఉన్నా లెక్క తప్పవచ్చు, పలక మీద గీసేముందు పొయ్యి మీద ఏముందో చూడాలి.