మధ్యలో అందుకున్న మాటలు

చీరాల దగ్గర ఒక నేతపేటలో కోటేశ్వరి అనే ఆమె ఉండేది. ఎదుటి మనిషి మాట పూర్తయ్యేదాకా ఆగడం ఆమె వల్ల అయ్యేది కాదు. ఎవరైనా గుమ్మంలో నిలబడి "మీ ఆయన..." అనేలోపే "మగ్గం మీదున్నాడు, సాయంత్రం రండి" అనేసేది. చాలాసార్లు ఆమె చెప్పిందే సరిపోయేది కూడా. అందుకే ఆ అలవాటును ఎవరూ తప్పుపట్టలేదు. చురుకైన మనిషని మెచ్చుకునేవాళ్ళు.

ఆమెకు ఒక్కతే కూతురు, లిఖిత. పదకొండేళ్ళు. పుట్టుకతోనే ఆ పిల్లకు చేతులు వణికేవి, నడక తడబడేది, మాట చాలా నిదానంగా వచ్చేది. చెప్పాలనుకున్నది బుర్రలో స్పష్టంగానే ఉండేది. అది నోటిదాకా రావడానికే సమయం పట్టేది. "అమ్మా, నాకు..." అనేసరికి కోటేశ్వరి "మంచినీళ్ళా? ఇదిగో" అని గ్లాసు అందించేది. తనకు కావలసింది నీళ్ళు కాకపోయినా లిఖిత తాగేసేది. కాదని చెప్పాలంటే మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాలి కదా.

అయినా కోటేశ్వరికి ఒకటే ఆశ. పక్కింటి పిల్లలు వాళ్ళ అమ్మలకు బడి కబుర్లు చెబుతుంటే, నూలు కండెలు చుట్టే ఆమె చెయ్యి ఆగిపోయేది. 'నా తల్లి కూడా ఒక్కసారి, మొదటినుంచి చివరిదాకా ఒక మాట నాతో చెబితే ఎంత బాగుండు' అని అల్లాడిపోయేది. ఆ మాటను రోజుకు పదిసార్లు తుంచేస్తున్నది తానేనని మాత్రం ఆమెకు తట్టలేదు.

లిఖిత ఐదో తరగతి పూర్తిచేసింది. ఆరో తరగతికి హైస్కూల్లో చేర్చబోతే, "ఇంటి దగ్గరే ఉంచండమ్మా. వారానికోసారి టీచరు వచ్చి చెప్పిపోతారు" అన్నారు అక్కడివాళ్ళు. కోటేశ్వరికి గుండె జారిపోయింది. అదే సమయంలో, ఇలాంటి పిల్లల తల్లిదండ్రులకు ప్రతి శనివారం చీరాలలో శిక్షణ ఇస్తున్నారని తెలిసింది. పిల్లలకు ఉన్న హక్కులేమిటి, బడిని ఏమేం అడగొచ్చు, అర్జీ ఎలా రాయాలి, ఇవన్నీ అక్కడ నేర్పేవారు. పిల్లలనూ వెంట తెమ్మనేవారు. టీచర్లూ వచ్చి కూర్చునేవారు.

నేర్పే ఆవిడ పేరు సలోమి మేడం. కోటేశ్వరి అన్ని పాఠాలూ ఇట్టే పట్టేసింది. ఒక్క పాఠం దగ్గరే తప్పింది. పిల్లను ఒక ప్రశ్న అడిగి, జవాబు వచ్చేదాకా తల్లి నోరు మెదపకుండా ఉండాలి. అదీ ఆ పాఠం.

"నీకు బళ్ళో ఏమంటే ఇష్టమే?" అని కోటేశ్వరి అడిగింది. లిఖిత గొంతు సవరించుకుంది. పెదవులు కదిలాయి.

"లెక్కలంటే ఇష్టం మేడం దీనికి," అంది కోటేశ్వరి.

మేడం నవ్వింది. "నేను అడగమన్నది పాపను కదమ్మా."

"అదేందండీ, కన్నతల్లిని, దాని మనసులో ఏముందో నాకు తెలీదా?" అంది కోటేశ్వరి. ఆ రోజు ఇంటికొచ్చి భర్తకు ఈ సంగతి చెబితే, మగ్గం ఆపకుండానే ఆయన "దాన్ని కాస్త మాట్లాడనియ్యవే" అన్నాడు. అదీ వినలేదు.

కోటేశ్వరి పెట్టిన అర్జీ చూసి, జూన్‌లో హైస్కూలు హెడ్మాస్టరు ఆమెను సమావేశానికి పిలిచాడు. కోటేశ్వరి కాగితాలన్నీ వరసగా బల్లమీద పెట్టింది. ఎవరికీ జంకలేదు. బడిలో సీటు అడిగింది, ఇచ్చారు. కింది అంతస్తులో గది అడిగింది, ఒప్పుకున్నారు. పరీక్షల్లో అదనపు సమయం అడిగింది, రాసుకున్నారు. చివరగా, "మధ్యాహ్నం బెల్లు కాగానే నేనొచ్చి తీసుకుపోతానండీ, ఇక ఆ పూట ఇంట్లోనే ఉంటుంది. అన్నం తినేటప్పుడు దానికి చెయ్యి వణికి మెతుకులు కిందపడతాయి. పిల్లలు నవ్వుతారు" అంది.

పక్కన కూర్చున్న లిఖిత తల్లి చెయ్యి పట్టుకుని "అమ్మా, నే..." అంది.

"అయిపోయింది తల్లీ, వెళ్దాం," అంటూ కోటేశ్వరి సంతకం పెట్టేసింది.

పేటంతా కోటేశ్వరిని పొగిడింది. లిఖిత రోజూ మధ్యాహ్నానికల్లా ఇంటికి వచ్చేసేది. నాలుగున్నరకు పిల్లలు గుంపుగా కేకలేసుకుంటూ వీధిన పోతుంటే, కిటికీ దగ్గర నిలబడి వాళ్ళు మలుపు తిరిగేదాకా చూసేది. రానురాను మాట్లాడటమే మానేసింది. ఏదన్నా కావాలంటే వేలితో చూపించేది. దసరా సెలవులు వచ్చేసరికి 'అమ్మా' అనడం కూడా పోయింది.

ఇల్లు బావురుమంది. సగంలో ఆగినా సరే, ఆ పిలుపు వినపడాలని కోటేశ్వరి ప్రాణం కొట్టుకుపోయింది. సెలవులు కాగానే పరుగున మేడం దగ్గరికి వెళ్ళి గోడు వెళ్ళబోసుకుంది.

మేడం అంతా విని, "సమావేశంలో మీరేమన్నారో చెప్పారు. హెడ్మాస్టరు గారేమన్నారో చెప్పారు. పాప ఏమంది?" అని అడిగింది.

కోటేశ్వరి నోరు తెరిచింది. 'అమ్మా, నే...' అన్నంతవరకే గుర్తుంది. పదకొండేళ్ళలో కూతురి మాట ఒక్కటి కూడా తాను చివరిదాకా వినలేదని అప్పుడు తెలిసింది. అక్కడే కూలబడి ఏడ్చింది.

మర్నాడు బడికి మళ్ళీ అర్జీ రాసింది. 'ఇంకొకసారి కూర్చోవాలి. ఏం కావాలో ఈసారి మా అమ్మాయే చెబుతుంది' అని రెండే ముక్కలు. అది చదివి హెడ్మాస్టరు కబురంపాడు. లిఖిత ఎదురుగా కుర్చీ వేసుకుని, "చెప్పమ్మా, నీకేం కావాలి?" అన్నాడు.

లిఖిత అలవాటుకొద్దీ తల్లి వైపు చూసింది. కోటేశ్వరి నోటిదాకా వంద మాటలొచ్చాయి. పళ్ళు బిగబట్టింది. కళ్ళలో నీళ్ళు తిరిగినా పెదవి కదపలేదు. హెడ్మాస్టరు కూడా తొందరపెట్టలేదు. బయట ఒక తరగతి అయిపోయి ఇంకో తరగతి మొదలైంది.

"మధ్యాహ్నం... అమ్మ... రావొద్దు," అంది లిఖిత. కాసేపు ఊపిరి పీల్చుకుంది. "అందరితో... ఇక్కడే... తింటా. కిందపడితే... నేనే... తీస్తా."

ఇన్నేళ్ళుగా ఏ మాట కోసం కోటేశ్వరి అల్లాడిపోయిందో, ఆ మాట చివరికి 'నువ్వు రావొద్దు' అని వచ్చింది. అయినా ఆమె కాగితం దగ్గరికి లాక్కుని, పాత సంతకం కొట్టేసి, "అది చెప్పినట్టే రాయండి సార్" అంది.

ఆ మరుసటి రోజు మధ్యాహ్నం ఆమె ఒక్కతే కంచం ముందు కూర్చుంది. కూతురు పక్కన లేక ఇల్లు వెలితిగా ఉంది, మనసు మాత్రం నిండుగా ఉంది.

బిడ్డ పక్షాన నిలబడి ఎంత గట్టిగా మాట్లాడినా, ముందు బిడ్డ మాటను చివరిదాకా వినకపోతే అది మన మాటే అవుతుంది కాని బిడ్డ మాట కాదు.