ఎరువు తిన్న బీడు

అనగనగా, మబ్బులు మొహం చూపించి కురవకుండానే వెళ్ళిపోయే ఒక మెట్టసీమ. ఆ సీమను భైరవదేవుడనే రాజు ఏలేవాడు. కోటకు పడమట ఆయనకొక పెద్ద బీడు ఉండేది. అందులో మూడు వందల ఆవులు మేసేవి. చుట్టుపక్కల ఊళ్ళలో పసిపిల్లలంతా ఆ ఆవుల పాలతోనే పెరిగారు.

బీడును కాచేది సుంకమ్మ. భర్త పోయాక ఆ పని ఆమె మీద పడింది. ఆమెకు సొంతంగా నలభై గొర్రెలున్నాయి. బీడులో గడ్డి మోకాలు దాటేది కాదు. పొట్టి కుదుళ్ళు, వాటి నడుమ వెంపలి మొక్కలు, ఎటు చూసినా రాళ్ళు. చూడటానికి ఏమంత బాగుండేది కాదు. కానీ వరసగా రెండేళ్ళు వాన లేకపోయినా అక్కడ ఏ ఆవూ ఆకలితో చావలేదు.

ఒక ఏడు రాజు ఏటి ఒడ్డునున్న పొరుగు రాజ్యానికి పెళ్ళికి వెళ్ళాడు. అక్కడ పచ్చిక నడుమెత్తున ఊగుతోంది. పొరుగు రాజు నవ్వుతూ, "మీ ఆవులు రాళ్ళు మేస్తాయటగా" అన్నాడు. ఆ మాట భైరవదేవుడి గుండెలో ముల్లై దిగింది.

కోటకు తిరిగి రాగానే బీడు అధికారి రంగప్పను పిలిచాడు. "మన గడ్డి కూడా నడుమెత్తు పెరగాలి."

"నేల ఆకలితో ఉంది ప్రభూ. కడుపు నింపితే గడ్డి అదే పెరుగుతుంది" అన్నాడు రంగప్ప.

ఊరూరా చాటింపు వేశారు. దిబ్బల్లోని పెంటంతా బండ్లకెత్తి బీడుకు తోలాలి. రైతుల చేలకు పిడికెడు ఎరువు మిగల్లేదు. రాజాజ్ఞ కనుక ఎవరూ నోరెత్తలేదు.

సుంకమ్మ ఒక్కతే కోటకు వెళ్ళింది. "దొరా, ఈ నేలకు ఆకలి కంటే దాహం ఎక్కువ. తిండి మనం పెట్టగలం. నీళ్ళు మన చేతిలో లేవు. ఎరువు ఆపించండి."

"గొర్రెలు కాచుకునేదానివి, నేల సంగతి నీకెందుకు?" అన్నాడు రంగప్ప. రాజు నవ్వి ఊరుకున్నాడు.

ఆ ఏడు వానలు దండిగా పడ్డాయి. పెంటతో పాటు వచ్చిన ఊద అనే కలుపు గడ్డి గింజలు మొలిచి, గడ్డి నడుము దాకా లేచింది. రాజు పొరుగు రాజును పిలిపించి చూపించుకున్నాడు.

సుంకమ్మ ఆ గడ్డిని పాయలు తీసి చూసింది. కింద నీడలో పాత కుదుళ్ళు పాలిపోయి ఉన్నాయి. మళ్ళీ కోటకు వెళ్ళింది. "పాత గడ్డికి ఎండ తగలడం లేదు దొరా. చచ్చిపోతోంది."

"కళ్ళెదుట ఇంత పచ్చదనం ఉంటే నీకు చావే కనబడిందా?" అన్నాడు రాజు.

రెండో ఏడూ వాన పడింది. ఊద గడ్డి ఇంకా ఒత్తుగా పెరిగింది. ఈసారి సుంకమ్మ సభకు రెండు మొక్కలు తెచ్చి రాజు ముందు పెట్టింది. ఊద మొక్క వేరు వేలెడు. పాత కుదురు వేరు మూరెడు, అదీ సగంలో తెగింది.

"పైనే తిండి దొరికితే వేరు లోపలికి ఎందుకు పోతుంది దొరా? వాన తప్పిన ఏడు దీన్ని పట్టి నిలిపేదేముంది?"

రాజుకు కోపం వచ్చింది. "నీ గొర్రెలను తోలుకుని ఉత్తరపు గుట్టకు పో. మళ్ళీ ఈ బీడులో కనబడకు."

అది రాళ్ళ గుట్ట. ఎరువు బండ్లు ఎక్కలేక దాన్ని వదిలేశారు. సుంకమ్మ గొర్రెలను తోలుకుని వెళ్ళిపోయింది.

మూడో ఏడు మృగశిర దాటింది. ఆరుద్ర దాటింది. ఒక్క జల్లు పడి ఆగిపోయింది. ఆ జల్లుకు మొలిచిన ఊద వారంలోపే మాడిపోయింది. దాని కింద పాత కుదుళ్ళు లేవు. వట్టి మట్టి మిగిలింది. గాలి ఆ మట్టినీ ఎత్తుకుపోయింది. ఎరువు లేని చేలలో పైరూ నిలవలేదు. ఆవులు ఒక్కొక్కటే కూలాయి. ఊళ్ళలో పిల్లలు పాలకు ఏడ్చారు. రంగప్ప ఎవరికీ చెప్పకుండా దేశం విడిచిపోయాడు.

రాజు కాలినడకన గుట్ట ఎక్కాడు. అక్కడి గడ్డి కూడా బూడిద రంగుకు తిరిగింది. కానీ వంగి చూస్తే మొదళ్ళలో పచ్చన ఉంది.

"దీనికి ఏం వేశావు?"

"ఏమీ వెయ్యలేదు దొరా. రాలిన వెంపలాకు, గొర్రెల పెంటికలు, అంతే. వాన లేనప్పుడు ఇది పెరగడం మానేసి ప్రాణాన్ని వేళ్ళలో దాచుకుంటుంది."

"నూట ఎనభై ఆవులు మిగిలాయి. వాటిని ఇక్కడికి తోలిస్తాను."

సుంకమ్మ గుట్టను ఒకసారి కలయజూసింది. "తోలండి. పది రోజులు తింటాయి. ఆ తరవాత గడ్డీ ఉండదు, ఆవులూ ఉండవు. ముప్పై అయితే వాన దాకా నెట్టుకొస్తాను. అందుకు నా గొర్రెలు సగం పోవాలి."

"ఆ ముప్పై ఏవో ఎవరు చెప్పాలి?"

"మీరే చెప్పాలి దొరా."

రాజు పొద్దంతా దొడ్డిలో నిలబడి ముప్పై ఆవులను ఏరాడు. మిగతా వాటిని పొరుగు రాజ్యపు ఏటి వైపు తోలారు. ఏరు చేరినవి కొన్నే. సుంకమ్మ తన గొర్రెల్లో ఇరవైని ఆకలితో ఉన్న ఊళ్ళకు ఇచ్చేసింది. వాటిని తోలుకుపోతుంటే ఆమె బండ చాటుకు వెళ్ళి కూర్చుంది.

మరుసటేడు వాన పడింది. గుట్ట మూడు రోజుల్లో పచ్చబడింది. ముప్పై ఆవులూ బతికాయి. రాజు సుంకమ్మకు బీడును తిరిగి అప్పగించాడు. పెంటంతా మళ్ళీ రైతుల చేలకే పోయింది. సుంకమ్మ గుట్ట మీది కుదుళ్ళను పిలకలుగా చీల్చి తెచ్చి, బీడులో నాటడం మొదలుపెట్టింది. రాజూ వచ్చి ఆమె పక్కన కూర్చుని నాటాడు.

"మునుపటిలా కావడానికి ఎన్నేళ్ళు పడుతుంది సుంకమ్మా?"

"మీరు చూడరు దొరా. నేనూ చూడను."

ఈసారి రాజుకు కోపం రాలేదు. ఇంకొక పిలక అందుకున్నాడు. ఆరేళ్ళ తరవాత ఆయన కన్నుమూసే నాటికి బీడులో సగం ఇంకా గడ్డి లేని ఎర్రమట్టిగానే ఉంది.

నేల ఓర్వగలిగినంతే దానికి పెట్టాలి. ఆ ఓర్పు ఎరిగినవారి మాట చేదుగా ఉన్నా, చేటు రాకముందే వినాలి.