కొండెక్కని కారు

మా గురువుగారు పరాంకుశం గారిని ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, చెప్పులు వేసుకుంటారు. సింహాచలం కొండ కింద, అడివివరంలో ఆయన దగ్గర చదువుకున్న వాళ్ళందరికీ ఇది అనుభవమే. ఎండనీ చూడరు, వాననీ చూడరు. 'పద నాయనా' అంటారు, వెనకాల మనం నడవాలి. నాబోటి బద్ధకస్తులు అందుకే ప్రశ్నలు మానేశారు.

భావనారాయణ మాత్రం మానలేదు. విజయనగరంలో భార్య అలివేలుని వదిలి, సన్యాసం పుచ్చుకుంటానని నిరుడు వచ్చినవాడు. ఈ వేసవిలో ఒక పొద్దున్న గురువుగారి ఎదుట చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మనసులో చప్పుడంతా అణిగిపోయిందండి. ఇల్లూ గుర్తు రావడం లేదు, ఆవిడా గుర్తు రావడం లేదు. ఈ ప్రశాంతతని నమ్మి దీక్ష తీసుకోవచ్చునా?" అన్నాడు. అక్కడ ఆ ఇల్లాలు ఇతని కోసం ఇంకా వీధి వైపే చూస్తోందని మాకందరికీ తెలుసు. దీక్ష ఇచ్చేస్తే ఆ ఎదురుచూపు అంతటితో సరి.

సరిగ్గా అప్పుడే బట్టల కొట్టు కూర్మారావు గారు వచ్చారు. ఆయనకి పెద్ద హైబ్రిడ్ కారు మీద ఎన్నాళ్ళుగానో మోజు. కొత్తది కొనే తాహతు లేక, వాడిన కారు ఒకటి చూసుకున్నారట. బ్రోకరు దాన్ని గుమ్మం ముందుకే తెచ్చాడు. "మీరొక్కసారి ఎక్కి సరే అంటే తీసేసుకుంటానండి" అన్నారు. గురువుగారు చెప్పులు వేసుకుని, భావనారాయణని రమ్మన్నారు. నన్నెవరూ పిలవలేదు గాని, ఏసీ ఉంటుంది కదా అని నేనూ ఎక్కాను.

బ్రోకరు నడుపుతుంటే కారు వీధుల్లో మెత్తగా జారిపోతోంది. కూర్మారావు గారు సీటు నిమురుతూ, "కాలేజీ రోజుల నుంచీ ఇలాంటి బండి కోసం నా ప్రాణం కొట్టుకుపోయిందండి. చూడండి, చప్పుడే లేదు" అన్నారు.

"ఇంజను అంత మంచిదా?" అని గురువుగారు అడిగారు.

బ్రోకరు నవ్వాడు. "ఇంజను ఇంకా అందుకోలేదండి. మెల్లగా పోతున్నంతసేపూ బ్యాటరీయే లాగుతుంది. బరువు పడితేనే ఇంజను లేస్తుంది. రిపోర్టులన్నీ బాగున్నాయి, సర్వీసు ఒక్కటీ తప్పలేదు."

"అయితే కొండ మీదికి పోనీ."

"కొన్నాక పూజకి ఎలాగూ తీసుకెళ్తారు కదండీ" అని నసిగాడు బ్రోకరు. మా వైపు ఆనవాయితీ అదే. బండి కొన్నాక సింహాద్రి అప్పన్న దగ్గరికి తీసుకెళ్ళి, దండ వేసి, నిమ్మకాయలు తొక్కిస్తాం. కొనకముందు కొండెక్కించి చూడాలని ఎవరికీ తట్టదు.

"పూజయ్యాక స్వామి పూచీ అంటావు. ఇవాళ ఇంకా నీ పూచీయే, పోనీ" అన్నారు గురువుగారు.

మొదటి మలుపులోనే ఇంజను లేచింది. రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు ఒకటే మోత. స్టీరింగు ఎదురుగా ఎర్ర దీపం వెలిగింది. వెనక సీటు పక్కన బ్యాటరీ ఫ్యాను హోరెత్తింది. రెండో మలుపు దాటేసరికి బండి లాగలేక, రోడ్డు పక్కన ఆగిపోయింది.

కూర్మారావు గారు దిగి, తలుపు మీద చెయ్యి వేసి నిలబడ్డారు. "వద్దులే బాబూ, తీసుకెళ్ళిపో" అన్నారు గాని చెయ్యి తియ్యలేదు. "ఇంత చూశాక కూడా మనసు దీని మీదే ఉందండి, ఏం చెయ్యను" అన్నారు. నాకు జాలేసింది.

అక్కడే చెట్టు నీడన ఒకామె గంపలో సంపెంగలు పెట్టుకుని అమ్ముతోంది. గాలి ఇటు తిరిగేసరికి వాసన గుప్పుమంది. మాతో నిలబడ్డ భావనారాయణ తిన్నగా గంప దగ్గరికి వెళ్ళి వంగాడు. ఎన్నేళ్ళ అలవాటో మరి, "విచ్చినవి వద్దమ్మా, మొగ్గలివ్వు. ఇంటికెళ్ళేసరికి విచ్చుకుంటాయి" అన్నాడు.

ఆమె ఆకులో చుట్టి ఇచ్చింది. పొట్లం చేతిలో పడ్డాక గాని తానేమన్నాడో అతనికి తెలియలేదు. పిట్టగోడ మీద కూలబడ్డాడు. "ఆవిడకి అలా ఇస్తేనే ఇష్టమండి" అని, ఇంకేదో అనబోయాడు. అంతటి మనిషి వెక్కివెక్కి ఏడుస్తుంటే చూడలేక నేను మొహం తిప్పుకున్నాను.

గురువుగారు వెళ్ళి, ఏడుపు తగ్గేదాకా అతని పక్కన కూర్చున్నారు.

"విజయనగరం బస్సు కొండ కిందే దొరుకుతుంది నాయనా" అన్నారు తర్వాత. "మొగ్గలు విచ్చుకోకముందే ఎక్కు."