చోటు మార్చిన తవిటమ్మ

ముత్తాతల ముత్తాతలు కూడా ఇంకా గోచీలు పెట్టని కాలం. కొండ మీద ఒక ఊరు, కొండ కింద ఒక ఊరు. మధ్యలో పై నుంచి కిందికి పారే వాగు, గెడ్డ, ఒకటే. పైవాళ్ళది కొండభాష, కిందివాళ్ళది తెలుగు.

ఏటా నాట్లకు ముందు గెడ్డ ఒడ్డున నీళ్ళ సభ జరిగేది. రెండు చాపలు పరిచేవారు. పైవాళ్ళ చాప కిందివాళ్ళు తొక్కరు, కిందివాళ్ళ చాప పైవాళ్ళు తొక్కరు. ఒకరి మాట ఒకరికి తెలీదు గానీ తిట్టు మాత్రం బాగా తెలిసేది. తండ్రి బతికుండగా బిడ్డ ఆ సభలో నోరు విప్పకూడదు. కొట్టుకోమంటే కొట్టుకోవాలి, ఎందుకని అడగకూడదు.

కింది ఊరి పెద్ద సన్నాసినాయుడు. తాత ఆ చాప మీద కూర్చుని అరిచాడు, తండ్రి అరిచాడు, తనూ అరిచాడు.

ఆ రెండు చాపలూ నేసేది గెడ్డ పక్క గుడిసెలో ఉండే తవిటమ్మ. ముందు పుట్టినవాళ్ళు దక్కకపోతే, ఈ పిల్లని తవుడికి అమ్మేసి మళ్ళీ కొనుక్కున్నారట. అందుకే ఆ పేరు. చాప నేయాలంటే ఇద్దరు కావాలి. ఒకరు తుంగ దూర్చాలి, ఒకరు పలకతో బిగించాలి. ముసలిదాని చేతులు ఆడక, పై ఊరి పిల్లల్లో ఒకరిని, కింది ఊరి పిల్లల్లో ఒకరిని కూర్చోబెట్టుకునేది. చాప సగమయ్యేసరికి గదమాయించేది.

"లెగండి, సోటు మారండి! సోటు మారితే మాటా మారాల. నువ్వు ఆడి మాట సెప్పు, ఆడు నీ మాట సెప్తాడు. 'అవును, నానన్నది అదే' అని అవతలోలు అనేదాకా పని నేదు."

అలా ఒక చాప, రెండు చాపలు, మూడు చాపలు. పిల్లలకి రెండు భాషలూ వచ్చేశాయి. నాయుడేమో, కూతురు అసిరి చాపలు నేర్చుకుంటోందని మురిసిపోయాడు.

ఒక ఏడు వాన మొహం చాటేసింది. పైవాళ్ళు గెడ్డకి అడ్డంగా కట్ట వేశారు. కింద నారు పసుపుబారిపోతోంది. ఆ ఏటి సభకి నాయుడు కర్రలవాళ్ళని వెంటేసుకుని వచ్చాడు. పైవాళ్ళు గొడ్డళ్ళతో దిగారు. ఇక లేచేది శవాలే అనుకున్నారు అందరూ.

అప్పుడు అసిరి లేచింది. నడిచి వెళ్ళి పైవాళ్ళ చాప ఎక్కింది.

అసిరి నోరు విప్పింది, అదీ కొండభాషలో. కొండవాళ్ళు గొడ్డళ్ళు పట్టుకున్నవాళ్ళు పట్టుకున్నట్టే కొయ్యబారిపోయారు. వాళ్ళ పెద్ద మెల్లిగా తల ఊపాడు.

అసిరి అదే మాట తెలుగులో చెప్పింది. "మా సెలమలు ఎండిపోనాయి. మీరు మడికి నీల్లంటారు. మాం తాగడానికంటన్నాం. పసిపిల్లలకి కడవడు నీల్లకోసం మా ఆడోలు రెండు కొండలు దిగుతన్నారు."

నాయుడి కూతురు పైవాళ్ళని 'మా' అంటోంది!

ఈలోగా అసిరితో చాపలు నేసిన కొండపెద్ద కొడుకు సుక్రు వచ్చి కిందివాళ్ళ చాప ఎక్కాడు. "నారు ముదిరిపోతంది. ఈ వారం నాటకపోతే ఏడాదంతా మాకు గంజి నేదు" అని తెలుగులో చెప్పి, తన తండ్రికి కొండభాషలో చెప్పాడు.

"ఎవలు నేర్పినారే ఇది?" అని గర్జించాడు నాయుడు.

"తవిటమ్మ మామ్మ."

రెండు చాపలూ ఒక్కసారే భగ్గుమన్నాయి. పిల్లల్ని పగవాళ్ళకి అమ్మేసిందన్నారు. వెలి అన్నారు. ఎంత సిగ్గుచేటో చూడండి! మూడు తరాల్లో ఆ రెండు ఊళ్ళూ కలిసి ఒప్పుకున్న మొదటి మాట అదే.

"నానేటి సేసినాను బావూ" అంది తవిటమ్మ. అందరూ మొహాలు తిప్పుకున్నారు. మిట్టమధ్యాహ్నం ఎండలో కర్ర ఊతంగా బయల్దేరింది. గెడ్డ సగం దాటిందో లేదో రాళ్ళ మీద కూలిపోయింది. మరి లేవలేదు.

శవాన్ని మాది కాదంటే మాది కాదన్నారు పెద్దలు. పిల్లలే ఆమెని చాపలో చుట్టి పాడె కట్టారు. సుక్రు ఒక కొమ్ము పట్టాడు. ఇంకో ఇద్దరు కుర్రాళ్ళు పట్టారు. నాలుగోది అసిరి పట్టింది. ఆడపిల్ల పాడె మొయ్యడం! జనం గుండెలు బాదుకున్నారు. నాయుడు పరుగున వచ్చి కూతురి జబ్బ పట్టుకున్నాడు.

"వదులే!"

"వదిలేస్తాను నాయినా. కట్ట ఎందుకేసినారో పైవోల మాట నువ్వు సెప్పు. సెప్తే వదిలేస్తాను."

నాయుడు అరవబోయాడు. తిట్టు రాలేదు. "తాగడానికి" అని వచ్చింది. "సెలమలు ఎండిపోయి... పసిపిల్లలకి..." తన నోటి నుంచి వస్తున్న మాటలకి తనే బిత్తరపోయాడు.

ఎదురుగా కొండపెద్ద. సుక్రు ఆ మాటనే కొండభాషలో చెవిలో చెప్పగానే ఆయన కళ్ళు నీళ్ళయ్యాయి. తల ఊపాడు. అవును, అదే.

అసిరి మాట తప్పలేదు. పాడె వదిలేసింది. అది ఒరిగిపోయేలోపు నాయుడు భుజం పెట్టాడు.

ముసలిదానికి నిప్పు పెట్టి వచ్చాక, గెడ్డ ఒడ్డునే నీళ్ళు పంచుకున్నారు. చెలమలు నిండేదాకా వారంలో మూడు రోజులు పైకి, నారు నాటేదాకా మిగతా నాలుగు రోజులు కిందకి.

ఇప్పటికీ ఆ రెండు ఊళ్ళలో తగువొస్తే పెద్దలు ముందు నోరు విప్పరు. పడుచువాళ్ళు లేచి అవతలివాళ్ళ చాప మీద కూర్చుని, అవతలివాళ్ళ కష్టం చెబుతారు. ఎవడైనా వినకుండా అరిచాడనుకోండి, పసిపిల్లలు కూడా వదలరు:

"ఆగు మావా! తవిటమ్మని మోసిన నాయుడే అరుపు మానీసినాడు."