గెడ్డ ఒడ్డున మాట్లాడని మామ్మ

"ఎవరైనా బాధలో ఉండి, నోరు తెరిచి అడక్కపోతే, ఆ సంగతి మనకెలా తెలుస్తుంది?" అని అడిగాను పిల్లలిద్దర్నీ.

మనవడు తనూజ్ ఆరో తరగతి. ఏ ప్రశ్నకైనా వాడి దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. "స్టేటస్ పెడతారు కదమ్మమ్మా, ఏడుపు బొమ్మతో," అన్నాడు. వాళ్ళక్క ఉజ్వల మాత్రం నవ్వలేదు. ఒళ్ళో రికార్డు పుస్తకం పెట్టుకుని కూర్చుంది. తొమ్మిదో తరగతి చదువుతోంది. వాళ్ళ బడిలో యువ పురస్కారం అని ఒకటుంది. కొన్ని వారాలు సేవ చెయ్యాలి, ఏదో ఒక నైపుణ్యం నేర్చుకోవాలి, చివర్న కొండల్లో రెండు రోజులు నడవాలి. అన్నీ పూర్తిచేస్తే పతకం ఇస్తారు.

దాని సేవ ఏమిటంటే, ఆదివారాలు వృద్ధాశ్రమానికి వెళ్ళి పేపరు చదివి వినిపించడం. కిందటి ఆదివారం ఇది వెళ్ళేసరికి అందర్నీ కంటి పరీక్షకి తీసుకెళ్ళిపోయారు. ఒక్క పెద్దావిడ మిగిలింది. పేపరు వద్దందిట ఆవిడ. ఇది ఆవిడ తలకి నూనె రాసి, చిక్కులు తీసి, జడ వేసి వచ్చింది. రెండు గంటలు పట్టింది. "పేపరు చదవలేదు కదా" అని బడిలో మేడం ఆ గడి ఖాళీగా వదిలేశారు.

"నువ్వు కూడా ఒకప్పుడు ఇలాంటిదానికి ఇన్‌చార్జివే కదా అమ్మమ్మా. నువ్వు చెప్పు. నా ఆదివారం లెక్కకొస్తుందా, రాదా?"

ఇలాంటి ప్రశ్నకి టక్కున జవాబు చెప్పే అలవాటు నాకు పోయింది. ఎలా పోయిందో చెప్పాను.

ఇరవై రెండేళ్ళ కిందట మా బడిలో ఈ పురస్కారం మొదలుపెట్టారు. ఇన్‌చార్జిని నేనే. మొదటి ఏడాది కదా, ఎవరూ వేలెత్తి చూపకూడదని నా పట్టుదల. మాకప్పుడు నడక ఒక్క రోజే. ఆ రోజు పిల్లలే మ్యాపు చూసుకుని, దిక్సూచి పట్టుకుని దారి వెతుక్కోవాలి. పెద్దవాళ్ళెవరూ సాయం చెయ్యకూడదు. సాయంత్రం నాలుగు గంటల్లోపు కొండ దిగి సంత దగ్గరికి చేరాలి. అందుకని ఆ ఉదయం నేను జీపులో ముందే బయల్దేరి, దారిలో కనబడ్డ ప్రతి ఊరివాళ్ళకీ చెప్పుకుంటూ వెళ్ళాను, మా పిల్లలతో మాట్లాడొద్దని.

దారిలో ఒక కొండవాగుంది, గెడ్డ అంటారు అక్కడివాళ్ళు. దాని ఒడ్డున ఒక మామ్మ కూర్చుని కొండచీపుళ్ళు కట్ట కడుతోంది. ఆవిడకీ చెప్పాను. "ఇటుగా ఐదుగురు పిల్లలొస్తారు. దారి అడిగినా చెప్పొద్దు. అసలు మాట్లాడనే వద్దు. వాళ్ళకిది పరీక్ష."

"నాను మాటాడితే పిల్లలు ఫెయిలైపోతారేటి తల్లీ?" అంది మామ్మ కంగారుగా.

"ఆ, అయిపోతారు," అన్నాను నవ్వుతూ. సులువుగా అర్థమవుతుందని అలా అన్నాను. తరగతిలో చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పానన్నమాట.

నాలుగింటికి పది నిమిషాల ముందే సంత దగ్గరికి నలుగురు వచ్చేశారు. ఐదో పిల్ల నూకరత్నం రాలేదు. గెడ్డ దగ్గర ఎవరో మామ్మ కూర్చునుంటే ఆగిపోయిందని చెప్పారు. ఆ మామ్మని వీళ్ళూ పలకరించారట. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల అడ్డంగా ఊపిందిట. మాటలు రావేమో అనుకుని వచ్చేశామన్నారు. నేను నలుగురి పుస్తకాల్లోనూ సంతకం పెట్టాను. జట్టు అంతా కలిసి రావాలని రూళ్ళలో ఒక లైనుంది. ఆ లైను ఆ సాయంత్రం నా కంటికి ఆనలేదు.

నూకరత్నం ఐదున్నరకి వచ్చింది. మోకాళ్ళ దాకా బురద. మెళ్ళో స్కార్ఫు లేదు. జరిగింది చెప్పింది. మామ్మ గెడ్డ దాటుతూ రాళ్ళ మీద జారి పడింది. చీలమండ కొబ్బరికాయంత వాచింది. ఎంత అడిగినా నోరు విప్పదు. ఈ పిల్ల కింద కూర్చుని, స్కార్ఫు తడిపి పాదానికి కట్టు కడుతుంటే అప్పుడు గుసగుసగా ఒక్క మాట అందిట.

"ఎల్లిపో పాపా. నాతో మాటాడితే నువ్వు ఫెయిలైపోతావంట."

ఈ పిల్ల వెళ్ళలేదు. మామ్మని భుజానికి ఆనించుకుని, చీపుళ్ళ కట్ట నెత్తిన పెట్టుకుని, వచ్చిన దారినే మైలున్నర వెనక్కి నడిపించి వాళ్ళింట్లో దింపి వచ్చింది.

ఇదంతా విన్నాక నేనేం చేశానంటారు? గడియారం చూశాను. "నాలుగు దాటిపోయింది కదమ్మా," అన్నాను.

"పోనీ సేవ పేజీలో రాస్తారా టీచర్?"

"నీ సేవ గంటలు ఫిబ్రవరిలోనే అయిపోయాయి. అక్కడ గడులు లేవు."

"ప్రథమ చికిత్స నా నైపుణ్యమే కదండీ. ఆ పేజీలో?"

"అదీ పూర్తయింది."

"మా నాన్న మిల్లులో సెలవు చెప్పేశారు టీచర్. స్టేజీ మీద పతకం ఇస్తారని." వాళ్ళ నాన్న అప్పలస్వామి జూట్ మిల్లులో పనిచేసేవాడు. వాళ్ళింట్లో ఎవర్నీ ఎప్పుడూ ఏ స్టేజీ మీదికీ పిలవలేదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే నడక పేజీలో 'పూర్తి చేయలేదు' అని రాశాను. నా దస్తూరీ ఆ రోజుల్లో చాలా బాగుండేది. "వచ్చే ఏడు మళ్ళీ నడుద్దువుగాని," అని ఓదార్చాను కూడా.

అది నా మొహంలోకి చూసి, మర్యాదగానే అడిగింది. "మళ్ళీ ఏ మామ్మైనా కనబడితే ఏం చెయ్యమంటారు టీచర్?"

"అప్పుడు చూద్దాంలే," అన్నాను.

పతకాల రోజున అప్పలస్వామి సెలవు రద్దు చేసుకోలేదు. కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆఖరి వరసలో కూర్చున్నాడు. నలుగురి పేర్లూ పిలిచినప్పుడు ఇద్దరూ చప్పట్లు కొట్టారు. మరుసటి ఏడాది నేను జాబితా పట్టుకుని తరగతికి వెళ్ళి రెండుసార్లు అడిగాను. నూకరత్నం పేరు ఇవ్వలేదు. ఆ పై ఏడు వాళ్ళు ఊరు మారిపోయారు.

"ఆ మామ్మకి తగ్గిందా?" అన్నాడు తనూజ్. వాడి వేళాకోళం ఎటో పోయింది.

పతకాలకి ముందే, నడక అయిన వారానికి, నేనొక్కదాన్నీ ఆ కొండ ఎక్కి వెళ్ళాను. మామ్మ గుమ్మంలో కాలు చాపుకుని కూర్చునుంది. కట్టు ఇంకా విప్పలేదు. నన్ను గుర్తుపట్టి లేవబోయింది, నేనే వద్దన్నాను. తన కాలు సంగతి చెప్పలేదావిడ. నన్ను ఏమీ అనలేదు.

"నాను ముందుగాల నోరు విప్పనేదు తల్లీ," అంది. "ఆ పాపే ఇననేదు. పాసైపోనాదా?"

"పాసైంది మామ్మా," అన్నాను.

మామ్మ రెండు చేతులూ జోడించి కొండకేసి దణ్ణం పెట్టుకుంది. నేను కొండ దిగి వచ్చేశాను. ముప్పయ్యొక్క ఏళ్ళు పాఠాలు చెప్పాను, చిన్నాపెద్దా అబద్ధాలు ఆడే ఉంటాను. మిగతావేవీ గుర్తులేవు.

ఉజ్వల రికార్డు పుస్తకం నా వైపు జరిపింది. ఖాళీ గడి మీద వేలు పెట్టింది.

"అయితే ఇది లెక్కకొస్తుందా అమ్మమ్మా?"

"నూకరత్నమూ ఇదే అడిగిందే తల్లీ," అన్నాను. "అప్పుడు నాకు జవాబు తెలుసనుకున్నాను."

గోంగూర సగమే వలిచి వంటింట్లో వదిలేసి వచ్చాను. మిగతాది వలుద్దామని లేచాను.