గవర్రాజు గారింటికి నెట్టు తిరిగొచ్చిన వైనం

నిడదవోలు మొత్తానికి తెలివి అంటూ ఉంటే అది తమ ఇంట్లోనే ఉందని గవర్రాజుకి గట్టి నమ్మకం. మిగతా ఊరిని చూస్తే ఆయనకి జాలి. పాలవాణ్ణి చూస్తే జాలి, పోస్ట్‌మాస్టరుని చూస్తే ఇంకాస్త జాలి. ఇంటికి వైఫై పెట్టించినప్పుడు దానికేం పేరు పెట్టమంటారని అడిగితే, "తెలివైనోళ్ళం అని పెట్టవయ్యా. చుట్టుపక్కల వాళ్ళ ఫోన్లలో కూడా కనబడుతుందట కదా, వాళ్ళకీ తెలియాలి" అన్నాడు.

పెట్టినవాడు కరీముల్లా. రూటర్‌లో కంపెనీ వాళ్ళు ఇచ్చిన సాఫ్ట్‌వేరుతో మేడ మీది గదికి సిగ్నల్ అందడం లేదని, దాన్ని తీసేసి తన దగ్గరున్న వేరే సాఫ్ట్‌వేరు ఎక్కించాడు. ఫర్మ్‌వేర్ అంటారట దాన్ని. వెళ్తూ వెళ్తూ ఒకే ఒక్క మాట చెప్పాడు.

"తెర మీద అప్‌డేట్ అని వస్తే మాత్రం ముట్టుకోకండి. నేనొచ్చి చేస్తాను."

సరిగ్గా చెల్లెలు మాణిక్యం ఇంటర్వ్యూ రోజునే అది వచ్చింది. మాణిక్యం బి.ఎడ్. పాసై మూడేళ్ళయింది. ఇన్నాళ్ళకి ఏలూరు దగ్గర ఒక బడి వాళ్ళు పిలిచారు. సాయంత్రం నాలుగింటికి లాప్‌టాప్‌లోనే మాట్లాడతామన్నారు. పిల్లలకి తెలుగు చెప్పే ఉద్యోగం. ఆ పిల్లల అదృష్టం ఎలా ఉందో చూడండి.

"నెట్టు సంగతి నాకొదిలెయ్యి" అని గవర్రాజు పొద్దున్నే చెల్లెలికి మాటిచ్చాడు. పన్నెండింటికి తెర మీద 'అప్‌డేట్ చేయాలా?' అని వచ్చింది. కొత్తది ఉండగా పాతదానితో పని చేయించడం తెలివైన వాళ్ళ లక్షణం కాదనిపించింది ఆయనకి. కరీముల్లా ముట్టుకోవద్దన్నాడు కాబట్టి ముట్టుకోలేదు. మౌస్‌తో నొక్కాడు. అంతే. రూటర్ మీద పచ్చ లైటు పోయి ఎర్ర లైటు వచ్చింది.

కరీముల్లా తాడేపల్లిగూడెంలో అక్క గారింట్లో విందుకి వెళ్ళాడు. గవర్రాజు తన బటన్ల ఫోన్ తీసి నంబరు కొట్టాడు. ఆ ఇంట్లో ఉన్న ఫోను అదొక్కటే.

"ముట్టుకున్నారా?" అన్నాడు కరీముల్లా.

"నేను ముట్టుకోలేదయ్యా. మౌస్ ముట్టుకుంది."

"సరే, సిగ్నల్ పడిపోయిందేమో చూడండి."

ఇంకేముంది! గవర్రాజు భార్య వెంకాయమ్మ చీపురు తెచ్చింది. తమ్ముడు భీమశంకరం మంచం కింద దూరాడు. మాణిక్యం బీరువా జరిపింది. ఒక దువ్వెన, రెండు జాకెట్టు హుక్కులు, ఎండిపోయిన బల్లి దొరికాయి.

"పడితే చప్పుడు వినబడేదండీ. నేను ఇక్కడే ఉన్నాను కదా" అంది వెంకాయమ్మ.

గవర్రాజు ఫోన్‌లో చెప్పాడు. "ఇల్లంతా ఊడ్చాం కరీమూ. పడలేదు. ఎక్కడో పైనే ఉంది."

కరీముల్లా గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. "పోనీ, ఒక పని చెయ్యండి. ఆ 'తెలివైనోళ్ళం' అని పేరుంది చూడండి, దాన్ని మర్చిపోండి. పూర్తిగా మర్చిపోయాక మళ్ళీ కలపండి. అయిదు నిమిషాల్లో నేనే ఫోన్ చేస్తాను" అని పెట్టేశాడు.

నలుగురూ హాల్లో చాప పరుచుకుని, కళ్ళు మూసుకుని కూర్చున్నారు. తాము తెలివైనోళ్ళమన్న సంగతి మర్చిపోవడం ఆ ఇంట్లో అంత తేలికా? గవర్రాజుకైతే పుట్టి బుద్ధెరిగాక ఇంత కష్టమైన పని తగల్లేదు.

"వదినా, మర్చిపోయావా?" అంది మాణిక్యం.

"ఇప్పుడే పోయింది."

"ఏది పోయింది?"

"అదే, తెలివైనోళ్ళం అన్నది."

"అదిగో, గుర్తుంది!" అని గవర్రాజు కేకేశాడు. "మళ్ళీ మొదలుపెట్టండి."

మాణిక్యానికి ఏడుపొచ్చింది. పరీక్షల ముందు రోజు ఎంత చదివినా తెల్లారేసరికి ఒక్క ముక్క గుర్తుండేది కాదు. ఈ పాడు పేరు మాత్రం పోనంటోంది. చివరికి 'తెలివైనోళ్ళం: మర్చిపోవాలి' అని అరచేతి మీద రాసుకుని, అది మర్చిపోకుండా అస్తమానం చూసుకోవడం మొదలుపెట్టింది.

భీమశంకరం ఒక్కడే కళ్ళు తెరిచి, "అన్నయ్యా, మనం ఎందుకు కూర్చున్నాం?" అన్నాడు.

"శభాష్! వీడికి పోయింది!" అని గవర్రాజు తమ్ముణ్ణి కౌగలించుకున్నాడు. వెంకాయమ్మ మరిదికి గ్లాసుడు మజ్జిగ ఇచ్చింది.

ఫోన్ మోగింది. "మర్చిపోయారా?"

"మా తమ్ముడు మర్చిపోయాడు. మా ముగ్గురికీ ఇంకా కొంచెం కొంచెం గుర్తుంది."

"మీరు కాదండీ బాబూ! లాప్‌టాప్ మర్చిపోవాలి!"

"ఆ మాట ముందే చెప్పొచ్చుగా" అని గవర్రాజు విసుక్కున్నాడు. ఎంత పనివాడైనా చెప్పడం రాకపోతే ఏం లాభం అనుకున్నాడు. లాప్‌టాప్ వైపు తిరిగి, వేలు చూపించి, "మర్చిపో" అన్నాడు. ఇకనుంచి దాని ఎదుట ఎవరూ ఆ పేరెత్తకూడదని అందరికీ సైగ చేశాడు.

"అది వదిలేయండి" అన్నాడు కరీముల్లా నీరసంగా. "పేజీల్లో చాలా దూరం వచ్చేసినట్టున్నారు. వెనక్కి వెళ్ళండి."

"ఎంత వెనక్కి?"

"మొదటిది వచ్చేదాకా వెళ్తూనే ఉండండి."

అంతే. నలుగురూ వెనక్కి నడిచారు. హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి పెరటి వసారాలోకి. భీమశంకరం దోసెల పిండి గిన్నెలో కూర్చున్నాడు. వెంకాయమ్మ తులసి కోట తగిలి ఆగిపోయింది. గవర్రాజు ఆగే రకమా? చెవి దగ్గర ఫోను పెట్టుకుని దడి కూడా దాటేశాడు.

"ఇప్పుడేం కనబడుతోంది?" అన్నాడు కరీముల్లా.

"పక్కింటి కొండలరావు గారి గేదె."

ఫోన్‌లో వెనకాల పళ్ళేల చప్పుడు వినబడింది. అక్కడ బిర్యానీ వడ్డిస్తున్నారు. గడియారం రెండు దాటింది. గవర్రాజు ఇంట్లోకి తిరిగొచ్చేసరికి మాణిక్యం ఇస్త్రీ చీర కట్టుకుని, సర్టిఫికెట్ల ఫైలు ఒళ్ళో పెట్టుకుని, ఎర్ర లైటుని చూస్తూ కూర్చుంది. ఆ ముఖం చూస్తే గవర్రాజుకి మొదటిసారి గుండెల్లో దడ పుట్టింది. దడ పుట్టింది కానీ, తప్పు తనదన్న ఆలోచన మాత్రం పుట్టలేదు. ఆ తలలో దానికి చోటేది?

"ఇదే ఆఖరి మాటండీ" అన్నాడు కరీముల్లా. "మీ లాప్‌టాప్‌లో ఫైర్‌వాల్ అని ఉంటుంది. అది అడ్డుపడుతోందేమో. పది నిమిషాలు తీసేసి చూడండి."

మాణిక్యం చదువుకున్న పిల్ల. "ఫైర్ అంటే నిప్పు, వాల్ అంటే గోడ అన్నయ్యా" అంది.

నిప్పు గోడ! గవర్రాజు హాల్లో రూటర్ని చూశాడు. వంటింట్లో పొయ్యిని చూశాడు. రెంటికీ మధ్య, పొగకి నల్లబడి, అడ్డంగా నిలబడి ఉంది గోడ. ఇన్నాళ్ళూ ఇంట్లోనే ఉండి ఎంత మోసం చేసిందని ఒళ్ళు మండిపోయింది.

"గునపం తేరా!"

"పొయ్యి మీద పప్పుందండీ" అంది వెంకాయమ్మ.

"పది నిమిషాలే కదే. అయ్యాక మళ్ళీ పెట్టేద్దాం."

వెంకాయమ్మ పప్పు దించింది. ఇంకేముంది! అన్న గునపం, తమ్ముడు సుత్తి. చిల్లు పెద్దదైంది. పైనున్న అల్మరా దిగింది. దానితో ఆవకాయ జాడీ దిగింది. ఇల్లంతా ఎర్రగా, తెల్లగా, ఘాటుగా తయారైంది.

"ఏంటండీ ఆ చప్పుడు?" అని ఫోన్‌లో కరీముల్లా.

"ఫైర్‌వాల్ తీస్తున్నామయ్యా. చాలా గట్టిగా కట్టారు. సగం వచ్చింది."

కరీముల్లా పళ్ళెం ముందునుంచి లేచిపోయాడు. బండి మీద మూడుంబావుకి దిగి, గోడలోంచి కనిపిస్తున్న పొయ్యిని చూశాడు. భీమశంకరం పంచెకున్న పిండిని చూశాడు. ఏమీ అడగలేదు. అడిగితే జవాబు చెబుతారని భయం. రూటర్‌కి వైరు తగిలించి, పాత ఫర్మ్‌వేర్ ఎక్కించాడు. పావుగంటలో పచ్చ లైటు వచ్చింది.

"చూశావా, గోడ తీశాక ఎంత తేలిగ్గా వచ్చిందో!" అన్నాడు గవర్రాజు.

కరీముల్లా ఆయన్ని ఎగాదిగా చూశాడు. బడి వాళ్ళు పంపిన లింకు తానే తెరిచి, "నాలుగింటికి వాళ్ళే వస్తారు. తెర మీద ఏం రాసుంటే అది చెయ్యమ్మా, అంతే" అని మాణిక్యానికి చెప్పి, చల్లారిన బిర్యానీ కోసం వెళ్ళిపోయాడు.

నాలుగు కావడానికి పది నిమిషాలుంది. తెర మీద అక్షరాలు వచ్చాయి. మాణిక్యం పైకి చదివింది.

"దయచేసి వెయిటింగ్ రూమ్‌లో ఉండండి. కాసేపట్లో మిమ్మల్ని లోపలికి పిలుస్తాం."

నలుగురూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

"ఊళ్ళో వెయిటింగ్ రూమ్ ఉన్నది ఒక్కటే. రైల్వే స్టేషన్లో" అన్నాడు గవర్రాజు. "ఆ కరీముగాడు ఇంట్లోనే కూర్చోబెట్టేసేవాడు. లేవండి!"

వీధి తలుపుకి తాళం వేసి, ఆటో ఎక్కి, నాలుగయ్యేసరికి వెయిటింగ్ రూమ్‌లో ఉన్నారు. మాణిక్యం ఫైలు గుండెకి హత్తుకుని నిటారుగా కూర్చుంది. అక్కడ ఇంట్లో లాప్‌టాప్‌లోంచి ముగ్గురు పెద్దమనుషులు "మాణిక్యం గారూ, వినబడుతోందా అమ్మా?" అని ఖాళీ కుర్చీని ఎన్నిసార్లు అడిగారో ఎవరికీ తెలీదు.

నాలుగున్నరకి ప్యాసింజరు వచ్చి ఆగింది. "అందరూ వెళ్తున్నారు, మీరు వెళ్ళరా?" అంది గది ఊడ్చే ఆవిడ. నలుగురూ పరుగెత్తారు. పెట్టె గుమ్మంలో నల్లకోటు వేసుకున్నాయన నిలబడి, "తలుపు దగ్గర ఆగకండి, లోపలికి రండి, లోపలికి!" అని కేకేస్తున్నాడు.

"పిలిచారు!" అన్నాడు గవర్రాజు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. "వెళ్ళమ్మా."

చెల్లెలు ఎక్కింది. ఒంటరిగా పంపడమెందుకని మిగతా ముగ్గురూ ఎక్కారు. రైలు కదిలింది. నల్లకోటాయన దగ్గరికొచ్చి చెయ్యి చాచాడు. మాణిక్యం ఫైలు విప్పి సర్టిఫికెట్లు అందించింది. ఆయన వాటిని తిరగేసి, మరగేసి, ఆమె ముఖంలోకి చూశాడు.

"ఎందాకా అమ్మా?"

మాణిక్యం గొంతు సవరించుకుని, బాగా ఆలోచించుకుని జవాబు చెప్పింది.

"రిటైరయ్యేదాకానండీ."