ఎలుగుబంటికి పోసిన గంజి

అప్పలసూరి గురువుకి, ప్రశ్న అడిగితే జవాబు చెప్పే అలవాటు లేదు. ఏదో ఒక పని పురమాయించి పంపేసేవాడు. చంకన జముకు పెట్టుకుని, దాని తీగ మీటుతూ కథ పాడటం నేర్చుకోవాలని ఆయన దగ్గర చేరినవాళ్లకి ఆ పాట కన్నా ఈ జవాబులే ఎక్కువ కష్టం. దేవుడున్నాడా అని అడిగినవాడొకడు వారం రోజులు నీళ్లు మోశాడు. తెలివైనవాళ్లు అది చూసి నోరు మూసుకున్నారు. అసిరమ్మ మూసుకోలేకపోయింది.

అసిరమ్మ బర్మాలో పుట్టింది. తండ్రిది పలాస. రంగూను రేవులో బస్తాలు మోస్తూ అక్కడి పిల్లనే పెళ్లాడి, పుట్టిన కూతురికి తన తల్లి పేరు పెట్టుకున్నాడు. అక్కణ్ణుంచి మనవాళ్లని పంపేసినప్పుడు రెండేళ్ల పిల్లని భుజాన వేసుకుని, భార్యతో సహా ఓడ దిగి ఇంటికొచ్చాడు. వస్తే ఏమైంది? వాళ్లమ్మ కొడుకుని లోపలికి పిలిచి పీట వేసింది, కోడలికీ మనవరాలికీ అరుగు మీద ఆకులేసింది. ఆ చప్పిడి ముక్కూ ఆ చీలిక కళ్లూ మా వంశంలో లేవని నలుగురూ వినేట్టు అంది. అతను విస్తరి ముందు నుంచి లేచొచ్చేసి ఊరి రెండో చివర పాక వేసుకున్నాడు. కూతురికి తొమ్మిదేళ్లప్పుడు అతను జ్వరమొచ్చి పోయాడు. ఆ రోజు ముసలామె వచ్చి కొడుకు మీద పడి గుండెలవిసేలా ఏడ్చింది, పక్కన నిలబడ్డ పిల్ల వంక చూడకుండా వెళ్లిపోయింది. అసిరమ్మకి ఇరవయ్యేళ్లొచ్చినా ఆ పుండు మానలేదు.

పిల్ల పరాయిదైపోతుందన్న భయంతో తల్లి కూడా ఇంట్లో బర్మా మాట ఎత్తేది కాదు. అందుచేత అసిరమ్మకి తెలుగు తప్ప మరో ముక్క రాదు. అయినా బస్సులో కండక్టరు, ఎక్కడ దిగుతావని చేతులతో సైగలు చేసేవాడు. బళ్లో పిల్లలు చీనాదని రాళ్లు రువ్వేవారు. అదైనా నయం, రాయికి రాయి విసరొచ్చు. కథలు చెప్పడం మొదలెట్టాక వచ్చిపడ్డ బాధకి మందే లేకపోయింది. ఒక ఊళ్లో తెల్లవార్లూ గొంతు చించుకుని కథ చెప్పింది. ఊరి పెద్ద లేచి, బర్మా పిల్లయినా మన భాష ఎంత ముద్దుగా పలుకుతోందో చూడండని అందరి ముందూ శాలువా కప్పాడు. జనం తెగ చప్పట్లు కొట్టారు. చెప్పిన కథేమిటో ఒక్కడికీ పట్టలేదు.

అక్కణ్ణుంచి వచ్చిన దగ్గర్నుంచీ అసిరమ్మ కాలు ఒకచోట నిలవలేదు. అన్నం కలిపి లేచిపోయేది, పక్క వేసి వీధిలోకి వెళ్లేది. మూడోనాడు ఆ శాలువా పట్టుకొచ్చి గురువు ముందు పడేసింది.

“నా బాస నాకొచ్చినాదని మెచ్చుకుంతన్నారు గురువా. ఈ బాస నాదెప్పుడవుద్ది?” అని అడిగింది.

అడిగి ఊరుకోలేదు. కథలు మానేస్తానంది. జీడిపిక్కల బట్టీలో పనికి చేరతాననీ, అక్కడైతే శాలువాలు కప్పేవాళ్లుండరనీ అంది.

గురువు జముకు తీగ బిగించుకుంటూ, సరే, బట్టీకే వెళ్లమన్నాడు. అయితే పనికి కాదు. ఆమె నాయనమ్మ పిక్కలు కొట్టే బట్టీకి వెళ్లి, జముకుల ఆటలో చెప్పే కథ కాకుండా ఇంట్లో విన్న కథేదైనా ఉంటే అక్కడ చెప్పి రమ్మన్నాడు. ముసలామె మెచ్చుకుంటే ఇక కథలు మానేసుకోవచ్చునన్నాడు. అసిరమ్మకి ఒళ్లు మండింది. కన్నకొడుకు శవం దగ్గరే తన మొహం చూడని మనిషి కథ వింటుందా? మొదటి రోజు బట్టీ దాకా వెళ్లి వెనక్కి వచ్చేసింది. రెండో రోజూ అంతే. మూడో రోజు, ఎలాగూ మానేసేదాన్నే కదా అని మొండికేసి లోపలికి నడిచింది.

లోపల ఇరవైమంది ఆడవాళ్లు వరసగా కూర్చుని కాల్చిన పిక్కలు కొడుతున్నారు. పిక్కల్లోంచి కారే జీడి అంటితే చర్మం ఊడొస్తుందని అందరి చేతులకీ బూడిద. ఎడమచేత్తో పిక్క నిలబెట్టి కుడిచేత్తో కర్రతో ఒక్కటి వెయ్యాలి. చూపు పక్కకి తిరిగిందా, దెబ్బ బొటనవేలి మీదే. అందుకని కథ చెప్పే మనిషి వస్తే వాళ్లకి సంతోషమే గానీ, తలెత్తి ఆ మనిషి మొహం చూసే తీరుబాటు లేదు. వింటున్నామని తెలియడానికి “ఊ” కొడతారు, అంతే. నాయనమ్మ మాత్రం, గుమ్మం పక్కనే కూర్చుందేమో, వచ్చిందెవరో ఒకసారి చూసింది. గుర్తుపట్టింది. మళ్లీ తల దించుకుంది.

అసిరమ్మ తండ్రి చెప్పిన కథ ఎత్తుకుంది. కొండమీద గుడిసెలో ఒంటరి ముసలమ్మ. వానాకాలం ఒక ఎలుగుబంటి వచ్చి గుమ్మంలో కూర్చుంటుంది. ముసలమ్మ చీపురు తిరగేసి తరిమేస్తుంది. మర్నాడూ వస్తుంది, మర్నాడూ తరిమేస్తుంది. అందరూ “ఊ” కొడుతున్నారు, ఒక్క నాయనమ్మ తప్ప. మూడోనాడు వానలో తడిసిన ఎలుగుబంటిని చూసి ముసలమ్మకి జాలేసి, ముంతడు గంజి తెచ్చి పోస్తుంది.

“గంజి కాదు, అంబలి,” అంది నాయనమ్మ తల ఎత్తకుండానే.

అసిరమ్మ ఆగిపోయింది. పుట్టిన ఇన్నేళ్లకి ఆవిడ తనతో అన్న మొదటి మాట అది, అదీ తప్పు పట్టడం. శాలువా కప్పినప్పుడు ఓర్చుకుంది గానీ దీన్ని ఓర్చుకోలేకపోయింది. “గంజే. మా అయ్య నాకు గంజనే సెప్పినాడు,” అంది.

“కొండమీద ముసిల్దానికి వరన్నం ఎక్కడిదే గంజి పొయ్యడానికి? సోడిపిండి అంబలే. ఆ కత ఆడికి సెప్పింది నాను.”

ఎత్తిన కర్ర ఎత్తినట్టే ఉండిపోయింది. ముసలామె తలెత్తి, ఆ చప్పిడి ముక్కునీ ఆ చీలిక కళ్లనీ తేరిపార చూసింది. “ఆడు అంబలి తాగీవోడు కాదు. కతలోన కూడా వద్దని ఏడిసీవోడు. ఆడి కోసరం నానే గంజి సేసినాను,” అంది. ఆవిడకి కళ్లు నిండిపోయాయి. తుడుచుకోవడానికి వీల్లేదు, జీడి చేతులు కంటికి తగిలితే అంతే సంగతులు. కాసేపు అలాగే కార్చుకుంది. అసిరమ్మ లేచి వెళ్లి తన పమిట చెంగుతో ఆ కళ్లు తుడిచింది. ముసలామె వద్దనలేదు. తుడిచినంతసేపూ మొహం ఎత్తే ఉంచింది.

అంతలోనే కర్ర మళ్లీ ఆడింది. ఆ గంజి ఆడికి చేసిందనీ, ఊరందరికీ పొయ్యడానికి కాదనీ, కథ అంబలితోనే చెప్పాలనీ కసిరింది. అసిరమ్మ వినలేదు, గంజే పోసింది. కథ అయ్యేలోగా నాయనమ్మ మరో మూడు తప్పులు పట్టింది, ప్రతిదానికీ మనవరాలు ఎదురు చెప్పింది, పక్కవాళ్లు నవ్వలేక చచ్చారు. మధ్యమధ్య మాత్రం నాయనమ్మ నుంచి “ఊ” వినపడుతూనే ఉంది. పొద్దు వాలి లేచేటప్పుడు బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. రేపొచ్చి సరిగ్గా చెప్పమంది.

అసిరమ్మ పరుగున వచ్చి జరిగిందంతా గురువుకి చెప్పింది. మెచ్చుకుందా అని ఆయన అడిగితే, మెచ్చుకోలు మాట దేవుడెరుగు, నాలుగు తప్పులు పట్టిందంది. గురువు ఆ శాలువాతో జముకు మీది దుమ్ము తుడుస్తున్నాడు.

“అయితే రేపు ఎలుగుబంటికి ఏటి పోస్తావు?” అన్నాడు.

“గంజే,” అంది అసిరమ్మ. “ఆవిడెంత అరిసినా గంజే. అది మా అయ్యది.”

గురువు జముకు ఆమె చేతికిచ్చాడు.

“పరాయోళ్లెవులూ కతలోన వాటా కోసరం తగువుకి రారు తల్లీ,” అన్నాడు.